వేలు చూపి ఎంచిన గొర్రెలు

నాకు కోపం జాస్తి. నీ కోపం మీద పెడితే అన్నం కూడా ఉడకతాదే అని మా అమ్మ అంటా ఉండేది. ఇరవై రెండేండ్లుగా చిన్న పిలకాయలకి పాఠం చెప్తాండాను, ఆ కోపం రవ్వంత కూడా తగ్గలేదు. అయినా పోయిన వానల్లో వచ్చిన కోపం మాదిరి ఎన్నడూ రాలేదు.

నేను పుట్టింది కుప్పం పక్క ఒక పల్లెలో. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, సంతకు పోతే కన్నడం. పెండ్లయినాక మదనపల్లెకి వచ్చినాను. బడి మాత్రం పుంగనూరు దారిలో బస్సు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి నడిస్తే వస్తాది. ఐదు తరగతులు, ఇద్దరం టీచర్లు. ఒకటి, రెండు తరగతులు నావి. మిగతా మూడూ హెడ్మాస్టరువి అని పేరుకే, ఆయప్పకు ఫోనుతోనే పొద్దు చాలదు. పొద్దున్నే మా మొగాలు ఫోటో తీసి పంపాల, గుడ్లు ఫోటో తీసి పంపాల, మరుగుదొడ్డి ఫోటో తీసి పంపాల. పాఠం ఎట్లుండాదో చూపించమని ఇంతవరకూ ఎవురూ అడగలేదు.

రెండో తరగతికి ఏకవచనం, బహువచనం చెప్పాల్సి వచ్చింది. పుస్తకంలో పడవ బొమ్మ, పడవల బొమ్మ ఉండాయి. మా మెట్ట పల్లె పిలకాయలు పడవ యాడ చూసినారప్పా! నేను పుస్తకం మూసేసి సంచిలో వేయించిన చెనక్కాయలు తెచ్చినాను. ఒకటి చేతిలో పెట్టి "చెనక్కాయ" అనిపిస్తి. పిడికెడు పోసి "చెనక్కాయలు" అనిపిస్తి. సరిగ్గా చెప్పినోళ్ళకి పిడికెడు, తప్పు చెప్పినోళ్ళకి ఒకటే. అర్ధగంటలో క్లాసంతా బహువచనమే. తిండి దగ్గర తెలివి ఊరికే వస్తాది.

ఇంటికి పోయేటప్పుడు ఒక పని చెప్పినాను. "మీ ఇంట్లో ఏవి ఒకటే ఉండాయి, ఏవి జాస్తి ఉండాయి, ఎన్ని ఉండాయి, అన్నీ చూసి పలక మీద రాసుకోని రాండి" అని. ఆ మాట అన్నది నా నోరే. అది మరిచిపోయి చెప్తే ఈ కథంతా అబద్ధం.

క్లాసులో ఒక పాప ఉండాది. ఏడేండ్లు. పెద్దమ్మ కూతురు వేసి విడిచిన యూనిఫారం, చేతులు మోచేతుల దాకా మడిచి ఉంటాది. ముక్కు ఎప్పుడూ కారతా ఉంటాది గానీ బుర్ర మాత్రం చాకు. మర్నాడు పలక తెచ్చి నా ముందర పెట్టింది. "మంచం ఒకటి. కుక్క ఒకటి. అవ్వ ఒకటి. కోళ్ళు ఆరు. గొర్రెలు నలభై ఒకటి."

"నలభై ఒకటా? ఎవురు చెప్పినారు?" అన్నాను.

"నేనే ఎంచినా మేడం. దొడ్డి కాడ నిలబడి, వేలు పెట్టి ఎంచినా. తప్పు పోతాదని రెండుసార్లు ఎంచినా."

నాకు పట్టరాని సంతోషం. కదిలే గొర్రెల్ని నలభై ఒకటి దాకా తప్పు లేకుండా ఎంచింది, అదీ రెండో తరగతి బిడ్డ! క్లాసు చేత చప్పట్లు కొట్టించినాను, పలక మీద నక్షత్రం వేసినాను, ఐదో తరగతి దాకా తిప్పి అందరి ముందరా చదివించినాను. హెడ్మాస్టరు ఫోటో కూడా తీసినాడు. సాయంత్రానికి ఊర్లో ప్రతి ఇంటికీ తెలిసిపోయింది, ఫలానా వాళ్ళకి నలభై ఒక్క గొర్రెలని.

నేను మరిచిపోయింది ఏమంటే, మా పక్క గొర్రెల్ని ఎంచరు. నాకు తెలియని సంగతి కాదు. చిన్నప్పుడు గుమ్మడి పిందెకి వేలు చూపితే మా అమ్మ చేతి మీద ఒకటిచ్చేది. పిందె కుళ్ళిపోతాదంట, చూపాల్సి వస్తే వేలు మడిచి చూపాలంట. గొర్రెలు గలోళ్ళ ఇంట్లో అయితే ఇంకా పట్టింపు. పొద్దు గూకే యాళకి మంద ఇంటికొస్తే పెద్దోళ్ళు దొడ్డి వాకిట్లో నిలబడి మొగాలు చూస్తారు. నల్లమూతిది వచ్చె, కుంటిది వచ్చె, చెవి తెగింది వచ్చె. ఒకటి తక్కువైతే ఇట్టే పట్టేస్తారు, అంతేగానీ అంకె మాత్రం నోట్లో నుంచి రాదు. మదనపల్లెలో మేడ మీద అద్దెకుండి ఉండి నాకు అవన్నీ మనసులో నుంచి జారిపోయినాయి.

పది దినాలకి మంచి వాన పడింది. లేత గడ్డి లేచింది. ఆ గడ్డి ఆబగా మేసిన గొర్రెలకి చిటుకు రోగమని వస్తాది, చిటికేసినంతలో ఎగిరిపడి చచ్చిపోతాయి. ఆ పాప ఇంట్లో నాలుగు దినాల్లో పదకొండు పోయినాయి. నాకు సంగతి తెలిసి "అయ్యో పాపం" అనుకున్నాను. అనుకుని బస్సెక్కి ఇంటికి పోయినాను. అంతే.

పాప రెండు దినాలు రాలేదు. మూడో దినం వచ్చింది గానీ నోట్లో మాట లేదు. పలక మధ్యలో గీత గీసి, ఈ పక్క ఒకటి, ఆ పక్క జాస్తి రాయమంటే, ఈ పక్క ముత్యాల మాదిరి రాస్తాది: ఆకు, పువ్వు, ఇల్లు, కోడి. ఆ పక్క ఖాళీ. ఒక దినం చూసినాను, రెండు దినాలు చూసినాను, వారం చూసినాను. "పువ్వు అంటే ఒకటి. బుట్టెడు ఉంటే ఏమంటాం? అను!" అంటే నేల చూపులు. చెవిటోని ముందర శంఖం ఊదినట్లే. నాకు తిక్క రేగి చెవి పట్టి మెలిపెట్టినాను. ఏడ్వలేదు. ఏడ్చినా బాగుండు. వెనకబడిన పిలకాయల పట్టీలో దీని పేరు రాద్దామా మేడం అని హెడ్మాస్టరు అడిగితే, రాయండి అన్నాను. నక్షత్రం వేసిన చేతితోనే చెవి పిండినాను, ఆ నోటితోనే రాయమన్నాను. నా మొగం మండ.

ఆ దినమే మధ్యాహ్నం అన్నాల దగ్గర పాప పక్కన కూర్చున్న ఇంకో ఆడబిడ్డ గుడ్డు పొట్టు తీసుకుంటా, ఊరికే చెప్పినట్లు చెప్పింది. "మేడం, దాన్ని ఎంచమనొద్దు మేడం. అది ఎంచితే చచ్చిపోతాయంట. వాళ్ళ గొర్రెల్ని ఇదే చంపిందని వాళ్ళవ్వ చెప్పింది."

పాప దిక్కు చూస్తే, తల వంచుకుని గుడ్డుని అట్లే చేతిలో పట్టుకోని ఉండాది.

"నిన్ను గొర్రెల దగ్గరికి పోనిస్తాండారా?" అని అడిగినాను. లేదని తల ఊపింది. దాని చేత్తో పాలు తాపి పెంచిన గొర్రెపిల్ల ఒకటి ఉండిందని ఆ ఆడబిడ్డే చెప్పింది. దాన్నీ ముట్టుకోనీయలేదంట. ఇప్పుడు చెప్పండి, నాకు కోపం రాకుండా ఎట్ల ఉంటాది?

బడి వదిలినాక నేరుగా వాళ్ళింటికి నడిచినాను. దారిలో వాళ్ళ పక్కింటాయన గొర్రెల్ని తోలుకోని వస్తాండాడు. "మీవి ఎన్ని పోయినాయన్నా?" అన్నాను. "మావి ఒగటీ పోలేదు మేడం. వానలకి ముందర పశువుల డాక్టరోళ్ళు ఊర్లోకి వచ్చినారు కదా, చిటుకు రాకుండా సూదులు ఏపిచ్చినాం" అన్నాడు. ఒకే బీడు, ఒకే గడ్డి. వాళ్ళవి ఒకటీ పోలేదు, వీళ్ళవి పదకొండు పోయినాయి.

పాప నాయన ఇంటి పక్క టమేటా తోటలో కట్టెలు నాటతాండాడు. గట్టు మీద నిలబడి అడిగినాను. "నువ్వు సూదులు ఏపిచ్చినావా అప్పా?"

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించినాడు. "లేదు మేడం. ఆ పొద్దు కాయలు కోసి మదనపల్లె మార్కెట్టుకు తోలినాను. మల్లొచ్చే వారం చూద్దాంలే అనుకుంటి. అంతలోకే వాన పడె."

"మరి మీ అమ్మకి చెప్పలేదా?"

"చెప్తే నన్ను బతకనిస్తాదా మేడం?"

"బిడ్డని బతకనిస్తాందా?"

"చిన్నపిల్ల. మర్సిపోతాదిలే మేడం" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ముప్పై ఐదేండ్ల మొగోడు, మీసాలుండాయి, మోటారు సైకిలుండాది, ఏడేండ్ల బిడ్డ వెనకాల దాక్కుంటాడా! వెనక్కి తిరిగి వాళ్ళ వాకిట్లోకి పోయినాను.

అవ్వ అరుగు మీద కూర్చోని చేటలో రాగులు చెరగతాండాది. పాప మూలన స్తంభం కాడ నిలబడి ఉండాది, ఆ స్తంభానికి అతుక్కుపోయినట్లు. అవ్వ నన్ను చూసి "రామ్మా టీచరమ్మా" అని మర్యాదగానే పిలిచింది. నేను కూర్చోలేదు.

"అవ్వా, గొర్రెలు చచ్చింది రోగంతో. బిడ్డ ఎంచినందుకు కాదు."

"నీకేం తెల్సమ్మా? నరుని కంటికి నల్లరాయి పగులుతాది. ఒగసారి కాదు, రెండుసార్లు ఎంచింది ఇది. ఏలు పెట్టి సూపించి ఎంచింది. మా మామ కాలం నుంచి ఈ దొడ్డిలో ఎవురూ అంకె పలకలేదు. దాని కన్ను మంచిది కాదు. కుప్పంలో దాని మేనత్త ఉండాది, వచ్చే నెల ఆడికి తోలేస్తాండాం. ఆడే సదువుకోనీ."

"కుప్పంలో గొర్రెలు లేవా అవ్వా? ఆడ ఇంగ దేన్ని చంపిందంటారు దీన్ని?"

అవ్వకి కోపం వచ్చింది. చేట కింద పెట్టేసింది. అంతలోకి కొడుకు చేతులు కడుక్కుంటా వాకిట్లోకి వచ్చినాడు. నేను వేలు చూపి అన్నాను, "నీ కొడుకుని అడుగు. సూదులు ఏపిచ్చలేదు. అందుకే పోయినాయి."

అవ్వ వాడి మొగం చూసింది. "ఏమిరా, ఏపిచ్చలేదా?"

వాడు నా దిక్కు చూడలేదు. బిడ్డ దిక్కు అసలే చూడలేదు. "ఏపిచ్చినా మా. అందరితో పాటే ఏపిచ్చినా" అన్నాడు.

అంత చక్కగా, అంత మెత్తగా అబద్ధం చెప్పినాడు. ఊర్లో నేను పరాయిదాన్ని, బస్సులో వచ్చి బస్సులో పోయేదాన్ని. కడుపున పుట్టినోని మాట వింటాదా, నా మాట వింటాదా ఆ ముసలామె? అత్త మీద కోపం దుత్త మీద తీసినట్లు, వీడి తప్పంతా బిడ్డ నెత్తిన పోసి ఇంగ కుప్పానికి తోలేస్తారు. అది ఆడ కూడా మూలన స్తంభం పట్టుకోని నిలబడతాది.

అప్పుడే మంద ఇంటికి వచ్చింది. దుమ్ము లేపుకుంటా దొడ్డిలోకి దూరినాయి. నాకు ఏం తోచిందో ఏమో, చెప్పులు విడిచి దొడ్డి దగ్గరికి పోయినాను. చెయ్యి చాపి, వేలు పెట్టి, క్లాసులో ఎక్కాలు చెప్పించినట్లు గొంతెత్తి ఎంచినాను. "ఒకటి! రెండు! మూడు!"

"అయ్యయ్యో! వొద్దు తల్లీ! ఆపమ్మా!" అని అవ్వ నోరు కొట్టుకుంటా వచ్చింది. కొంగు అడ్డం పెట్టింది. నేను కొంగు పక్కకి తోసి ఎంచినాను. పక్కిండ్ల వాళ్ళు గోడల మీద నుంచి చూస్తాండారు. ముప్పై దాకా ఎంచినాను. ఎంచి తిరిగి చెప్పినాను, "ముప్పై ఉండాయి. ఇంగ వీటిలో దేనికి ఏమైనా నా కన్నే. నన్ను తోలండి కుప్పానికి. నేను పుట్టింది ఆడనే!"

ఆ దినం బస్సులో కూర్చున్నాక, చేసింది తెలివి పనా, తిక్క పనా నాకే తెలియలేదు. పక్కోని పుండు మాన్పకుండా నా కాలికి అంటించుకున్నట్లుండాది. అయినా పాపని కుప్పానికి తోలలేదు. ఊర్లో అందరూ నా గురించి మాట్లాడుకుంటా ఉండేసరికి బిడ్డని మరిచిపోయినారు. బడికి వస్తాండాది, నేను కూడా దాన్ని ఆ పక్క గడిలో ఏమీ రాయమని అడగలేదు. పట్టీలో దాని పేరు కొట్టేయించినాను. గుడ్డు మాత్రం తింటాండాది.

మూడు వారాలకి వాళ్ళ దొడ్డిలో ఒక గొర్రెపిల్ల చచ్చిపోయింది. ఏం తినిందో, పొట్ట ఉబ్బి పోయిందంట. పొద్దున్నే ప్రార్థన జరగతాండాది, పిలకాయలు వరసల్లో నిలబడి ఉండారు. అవ్వ గేటు తోసుకోని వచ్చింది. పిడికిట్లో మన్ను ఉండాది.

"నీ నోట్లో మన్ను పడ! నీ ఏలు ఇరిగిపోను! మా దొడ్డి నాశనం చేస్తివి కదే! ముప్పై అని ఊరంతా ఇనేటట్లు అరిస్తివే, ఇప్పుడు కండ్లు చల్లబడినాయా?" మన్ను నా చీర మీద కొట్టింది. హెడ్మాస్టరు ఫోను ఎత్తినాడు, దేనికో ఆ దేవుడికే తెలియాల. నేను కదల్లేదు. తిట్టనీ, నన్నే తిట్టనీ, బిడ్డని కాదు కదా అనుకుంటా నిలబడినాను. లోపల కొంచెం గర్వం కూడా. నేను గెలిచినాననుకున్నాను.

అప్పుడు రెండో తరగతి వరసలో నుంచి ఒక గొంతు వచ్చింది. నెల దినాలుగా నేను వినని గొంతు.

"అవ్వా, ఈసారి నేను కాదవ్వా."

అవ్వ తిట్లు ఆగిపోయినాయి. నా గర్వం కూడా ఆడికే అణిగిపోయింది. ఈసారి అనింది. పోయినసారి తానే అని. పదకొండు గొర్రెల్ని తానే చంపినానని ఈ బిడ్డ నమ్మి ఉండాది, నేను దొడ్డి కాడ ఆడిన ఆటతో అది రవ్వంత కూడా పోలేదు. నేను నా నెత్తినేసుకుంది ఈ ఒక్క గొర్రెపిల్ల చావుని, అంతే.

పోయి పాప చెయ్యి పట్టుకున్నాను. "నడువు అవ్వా" అన్నాను. "యాడికి?" అనింది. "నడువు." నా గొంతులో ఏముండిందో, గమ్మున నా వెనకాల వచ్చింది. ప్రార్థన మధ్యలో పోతే ఎట్ల మేడం, ఫోటో పంపాల అని హెడ్మాస్టరు అన్నాడు. నేను పలికింది ఇక్కడ రాయను.

పాప నాయన టమేటా తోటలోనే ఉండాడు. ముగ్గురం గట్టు మీద నిలబడినాం. "నీ కూతురు ఏమనిందో తెలుసా? ఈసారి నేను కాదనింది. ఈసారి. మర్సిపోతాదంటివే, మర్సిపోయిందా?" అన్నాను. నేను అరవలేదు. అరిచే ఓపిక కూడా లేదు.

వాడు బిడ్డని చూసినాడు. నాకు తెలిసి అన్ని దినాల్లో అదే మొదటిసారి నేరుగా చూసింది. చేతిలో కట్టె కింద పడేసినాడు. "సూదులు ఏపిచ్చలేదు మా" అన్నాడు వాళ్ళమ్మతో.

అవ్వ గట్టు దిగి వాడి ముందరికి పోయింది. కొడతాదేమో అనుకున్నాను. "నాకేమిటికి చెప్తావురా?" అనింది. "దానికి చెప్పు."

వాడు మడిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నువ్వు కాదు పాపా. నేను సూదులు ఏపిచ్చలేదు, అందుకే పోయినాయి. నేను" అన్నాడు. ఏడ్చినాడు కూడా. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ లేదు. ఆ మాట నెల ముందర చెప్పి ఉంటే వాడి సొమ్మేం పోతా ఉండింది?

పాప ముక్కు తుడుచుకునింది. "మల్ల నేను ఎంచొచ్చా?" అనడిగింది. నన్ను కాదు, వాణ్ణి కాదు, అవ్వని.

అవ్వ బిడ్డ రెక్క పట్టుకోని దొడ్డి దగ్గరికి తీసుకపోయింది. మందని ఇంకా మేతకు వదల్లేదు. అవ్వ దొడ్డి వాకిట్లో కూలబడి, కొంగు మొగం మీదికి లాక్కొని, కండ్లు గట్టిగా మూసుకునింది. పెదాలు ఏదో దేవుడి పేరు చెప్తాండాయి. భయం పోలేదు ఆమెకి, నాకు కనబడతానే ఉండాది. అయినా "ఎంచు" అనింది.

పాప వేలు చాపింది. ముందు లోలోపల, తర్వాత పైకి. గొర్రెలు కదలతా ఉంటే నిలబడి, మల్లా అందుకోని, మెల్లగా ఎంచింది.

"అయిందా?" అని అవ్వ కండ్లు తెరవకుండానే అడిగింది.

"అయిందవ్వా. గొర్రెలు ఇరవై తొమ్మిది."

"ఇంగోసారి ఎంచు" అనింది అవ్వ. "నువ్వు రెండుసార్లు కదా ఎంచేది."